నలభై తొమ్మిదో ఎత్తు

లక్ష్మి తన కాగితం మీద తర్వాతి ఎత్తు రాసి, పావు కదపకుండానే గడియారం ఆపింది. నా లెక్కలో అది నలభై తొమ్మిదో ఎత్తు.

నిరుడు వేసవిలో, రాయగడలో ఒక బడి హాలు. మహిళల చదరంగం ఎంపిక పోటీలో ఆఖరి రౌండు. నేను ఆర్బిటర్‌ని, అంటే ఆటకు తీర్పరిని. పట్టికలో పైనున్న ఇద్దరే ఎదురుపడ్డారు. గుణుపురం కాలేజీలో లెక్కలు చెప్పే లక్ష్మికి డ్రా చాలు, రాష్ట్ర పోటీకి వెళ్తుంది. జయపురం రేవతి గెలిచి తీరాలి. నాలుగు గంటలు దాటింది. రాజులు కాక రేవతికి ఏనుగు, శకటు మిగిలాయి. లక్ష్మికి ఏనుగు ఒక్కటే.

ఇలాంటప్పుడు ఫిఫ్టీ మూవ్ రూల్ ఉంది. పావులేవీ పోకుండా, బంటు కదలకుండా ఇద్దరూ చెరో యాభై ఎత్తులు ఆడితే డ్రా అడగొచ్చు. ఆడేవాళ్ళే అడగాలి, ఆర్బిటర్ ముందుగా నోరు విప్పకూడదు. యాభయ్యో ఎత్తు రాసి, ఆడకముందే అడగాలి. లెక్క తప్పితే అవతలివారికి రెండు నిమిషాలు అదనం. రాసిన ఎత్తే ఆడి తీరాలి.

"మేడమ్, దీంతో యాభై. డ్రా," అంది లక్ష్మి.

ఇద్దరి కాగితాలూ తీసుకుని వేలు పెట్టి లెక్కించాను. రేవతి చివరి బంటును తాను చంపిన ఎత్తునే లక్ష్మి ఒకటి అనుకుంది. లెక్క దాని తర్వాత మొదలవ్వాలి. జ్వరంతో ఉన్న మా చిన్నమ్మాయిని కొరాపుట్‌లో అత్తగారి దగ్గర వదిలి వచ్చాను. డ్రాకి సరేనంటే వెంటనే బస్సెక్కొచ్చు. ఒక్క ఎత్తే కదా అనిపించింది. మళ్ళీ మొదటినుంచి లెక్కించాను. నలభై తొమ్మిదే.

"చెల్లదమ్మా. ఆట సాగుతుంది."

రేవతి నవ్వింది. "ఏటే లెక్కల టీచరూ, పిల్లలకీ ఇలాగే సెప్తావేటి?"

"ముందు నన్ను ఓడించి సూపియ్యవే."

"బోర్డు దగ్గర మాటలొద్దు," అన్నాను గట్టిగా.

రాసిన ఎత్తునే లక్ష్మి ఆడింది. రేవతి అదనంగా వచ్చిన రెండు నిమిషాలూ ఆలోచించి ఏనుగుతో చెక్ చెప్పింది. లక్ష్మి రాజు బోర్డు అంచున చిక్కుకున్నాడు. ఆమె కలం మొనతో కాగితంలో ఒక్కో వరసా మళ్ళీ లెక్కపెట్టుకుంటూ కిందికి దిగింది. ఎత్తు రాసింది. మళ్ళీ గడియారం ఆపింది.

"మేడమ్, ఇంకోసారి అడుగుతున్నాను."

లెక్కించాను. యాభై. "డ్రా."

రేవతి చెయ్యి చాచింది. "రాకాసీ, సచ్చినా వదల్నేదు కదే."

"నువ్వు మాత్రం వదిలేవేటి?"

మర్నాడు పొద్దున్న చిన్నదానికి జ్వరం తగ్గింది. కథంతా విన్న మా పెద్దమ్మాయి నిలదీసింది. "తప్పని నీకు తెలుసు కదా, ముందే సెప్పీవచ్చు కదమ్మా?"

"సెప్పకూడదమ్మీ. అడగడం ఆవిడ పని, సూడ్డం నా పని. కానీ ఒకసారి కాదన్నారని ఆవిడ ఊరుకోనేదు సూడు. తన తప్పెక్కడుందో ఎతుక్కుంది, మళ్ళీ అడిగింది. మీరిద్దరూ కూడా అలాగే అడగండి, నన్నయినా సరే."