భక్తి అని రాయనందుకు

మొన్న ఒక సాయంత్రం ముత్తంగి కూడలిలో గంటన్నర సేపు కారులో కదలకుండా కూర్చోవలసి వచ్చింది. గోదాముల వెనుక ఖాళీ జాగాలో ఏదో భారీ సంగీత విభావరి జరుగుతోంది. ఆకాశం మీద దీపాలు గిరగిరా తిరుగుతున్నాయి, నల్లచొక్కాల కాపలాదారులు గేటు దగ్గర బారులు తీరారు, వచ్చే పెద్దల కార్లకు దారి ఇవ్వడం కోసం పోలీసులు మాలాంటి వాళ్లందరినీ రోడ్డు మీదే ఆపేశారు. నా కిటికీ పక్కగా పోతున్న కానిస్టేబుల్‌ను, దీనికి అనుమతి ఉందా అని అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "పర్మిషన్ లేకుంటే మేమెందుకుంటమమ్మా ఈడ? జెర ఆగు, వీఐపీ బండ్లు పోనీ" అన్నాడు.

అతని తప్పేమీ లేదు. కానీ అనుమతి అన్న ఆ ఒక్క మాట వింటే ఈ రోజుకీ నాకు ఒళ్లు మండుతుంది. పదిహేనేళ్ల కిందట ఇదే ఫ్యాక్టరీల పట్టీలో, ఇక్కడికి పట్టుమని ఇరవై నిమిషాలు కూడా లేని దూరంలో, ఒక మనిషికి ఒక్క సాయంత్రం పాడుకోవడానికి అనుమతి దొరకలేదు. దొరకకపోవడంలో ఒక కార్యాలయం పాత్ర ఎంత, నా పాత్ర ఎంత అన్న లెక్క నాకు ఇంకా తేలలేదు. నా ఈడు వాళ్లు, అప్పట్లో కాలేజీ వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచి ప్రపంచాన్ని కూడా అలాగే గెలవవచ్చని నమ్మినవాళ్లు, ఇది చదివి తేల్చితే సంతోషిస్తాను.

మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. మా నాన్న, బాబాయి బీరంగూడ పక్కనున్న ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. బాబాయి లేత్ మీద పని చేసేవాడు, షిఫ్టు దిగాక కీబోర్డు వాయించేవాడు, అందుకే ఊరందరికీ మాస్టారు. అతని ఆర్కెస్ట్రాలో తబలా వాయించేది అదే కర్మాగారంలో క్రేన్ నడిపే మనిషి, గిటారు పట్టేది క్యాంటీన్ సూపర్‌వైజరు. పాడేది మా పిన్ని. ఆమె ఎవరి దగ్గరా సంగీతం నేర్చుకోలేదు. రేడియో విని, గిన్నెలు తోముతూ పాడి, అలా తయారైన గొంతు. కానీ పై స్థాయికి వెళ్లినప్పుడు ఆ గొంతు ఎక్కడా సన్నబడేది కాదు, ఎక్కిన కొద్దీ వెడల్పయ్యేది.

ఏడాదికి ఒకటి రెండుసార్లు కాలనీ మైదానంలో వాళ్ల కార్యక్రమం ఉండేది. వేదిక అంటే తెలిసినవాళ్ల లారీ, పక్క పలకలు కిందికి దించి, మీద తివాచీ పరిచి. గాలి గడ్డపోతారం వైపు నుంచి వీస్తే మందుల కంపెనీల వాసన ముక్కుపుటాలను అదరగొట్టేది, అయినా ఎవరూ లేచేవారు కాదు. బిహారు నుంచి వచ్చిన కుర్రకార్మికులు వెనక నిలబడి హిందీ పాటల కోసం కేకలు పెట్టేవాళ్లు, పిన్ని వాళ్ల కోసం రెండు పాడేది, ఉచ్చారణ తప్పితే తనే నవ్వేది.

ఆ ఏడాది పిన్ని మెడ దగ్గర గడ్డ పెరిగింది. నగరంలోని డాక్టరు ఆపరేషన్ తప్పదన్నాడు, గొంతుకు పోయే నరం గడ్డను ఆనుకుని ఉంది కనుక పాత గొంతు మళ్లీ వస్తుందని మాట ఇవ్వలేనని కూడా దాపరికం లేకుండా చెప్పాడు. తేదీ నాలుగు వారాల్లోకి పడింది. ఇంట్లో అందరం ఏడుపు మొహాలతో తిరుగుతుంటే పిన్ని ఒక్కటే అడిగింది, ఆసుపత్రికి పోయే ముందు ఒక్కసారి మైదానంలో, పూర్తి ఆర్కెస్ట్రాతో పాడాలని. ఇంట్లోనే పాడుకోవచ్చుగా అని మా అమ్మ అంటే, "ఇంట్లో రోజూ పాడుతూనే ఉన్నాగా అక్కా. మైకులో నా గొంతు అంత దూరం పోతుంటే నిలబడి వినాలి. అది ఇంట్లో ఎక్కడ దొరుకుతుంది?" అంది. ఆపరేషన్‌కు ముందు వచ్చే శనివారం ఖాయం చేశారు.

బాబాయికి పొద్దుటి షిఫ్టు, నాకు డిగ్రీ పూర్తయి ఉద్యోగం రాని ఖాళీ. అనుమతి పని నాకు అప్పగించి, పాత దరఖాస్తుల నకళ్లున్న అట్టఫైలు చేతిలో పెట్టాడు. తెరిచి చూస్తే, ఇన్నేళ్లుగా ప్రతి దరఖాస్తులోనూ ఒకటే మాట: భక్తి సంగీత కార్యక్రమం. నేను నిర్ఘాంతపోయాను. చూడబోతే ఈ పట్టీలో అదొక ఆనవాయితీ. భక్తి అని రాస్తే స్టేషన్‌లో ఒక ముద్ర, ఒక కార్యాలయంలో ఒక సంతకం, అంతే. వినోదం అని రాస్తే అరడజను శాఖల నిరభ్యంతర పత్రాలు కావాలి. అందుకే అందరూ భక్తి అని రాసి, మొదట దేవుడి పాటలు రెండు పాడి, బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుళ్లు అవి విని టీ తాగి, "ఇగ మీ ఇష్టం మాస్టారూ, పదిలోపు బంద్ చేయుండ్రి" అని చెప్పి వెళ్లాక, సినిమా పాటలు మొదలుపెట్టేవారు. రాసేవాడికీ తెలుసు, సంతకం పెట్టేవాడికీ తెలుసు.

నాకు మాత్రం అది సహించలేదు. పాట పాడుకోవడం నేరమా? నేరం కానప్పుడు దేవుడి చాటున ఎందుకు దాక్కోవాలి? ప్రతివాడూ దాక్కుంటూ పోతే ఆ రూలు ఎప్పటికి మారుతుంది? ఇంటి వరండాలో నిలబడి మూడు అంశాలుగా విభజించి మరీ వాదించాను. బాబాయి సగం విని నవ్వి, "మా అమ్మాయి వాదిస్తే జడ్జీ కూడా లేచి నిలబడాలే" అని పిన్నితో అని, నేను రాసిన దరఖాస్తు మీద సంతకం చేశాడు. వినోద కార్యక్రమం, సినిమా పాటలు, ప్రవేశం ఉచితం అని అందులో గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆ సంతకం అతను నా మాటలకు లొంగి పెట్టలేదు, నా మీద గర్వంతో పెట్టాడు. ఆ తేడా అప్పుడు నాకు తెలియదు.

తర్వాతి మూడు వారాలు తలుచుకుంటే ఈ రోజుకీ పళ్లు నూరుకుంటాను. స్టేషన్ వాళ్లు ఇది మా ఒక్కరి చేతిలో లేదని పై కార్యాలయానికి పంపారు. దాని పేరు రాయను, రాయదగ్గ పేరు కాదు. అక్కడ గుమాస్తా బల్ల ముందు సందర్శకుల కుర్చీల మీద ఫైళ్లు కూర్చునేవి, మనుషులు నిలబడేవాళ్లు. ఫ్యాను అతనొక్కడి వైపే తిరిగి ఉండేది. అగ్నిమాపక పత్రం తెమ్మన్నాడు. వాళ్లు కరెంటు వాళ్ల పత్రం ముందు తెమ్మన్నారు. కరెంటు వాళ్లు మైదానం ఎవరిదో తేల్చమన్నారు. మైదానం లెక్క చూసేవాళ్లు పోలీసుల కాగితం ఉంటేనే మాట్లాడతామన్నారు. అలా నేను బయలుదేరిన చోటికే వచ్చి నిలబడ్డాను. వేదిక గట్టిదని ఇంజనీరు ధ్రువపత్రం కావాలన్నప్పుడు, వేదిక లారీ అని చెప్పాను. గుమాస్తా కలం కింద పెట్టి, "లారీ అంటే రవాణా శాఖనమ్మా. గా కాయిదం గూడ పట్టుకరా" అన్నాడు. పక్క బల్ల మనిషి కిసుక్కున నవ్వాడు. రోజూ పోయేదాన్ని, రోజూ నిలబడేదాన్ని, ప్రతి అభ్యంతరానికీ నిబంధన సంఖ్య అడిగేదాన్ని. వాళ్లు దానికి జవాబు చెప్పడం కూడా దండగన్నట్టు గోడ గడియారం వైపు చూసేవాళ్లు. గుమాస్తా లంచం అడిగి ఉంటే అతనితో పోట్లాడడం నాకు తేలికయ్యేది. ఒక్కరోజు కూడా అడగలేదు.

శనివారం ఇంక రెండు రోజుల్లో ఉందనగా, బాబాయి సెలవు పెట్టి నాతో వచ్చాడు. అతన్ని చూడగానే గుమాస్తా మొహం మెత్తబడింది. కుర్చీ మీది ఫైళ్లు తనే దించి కూర్చోమన్నాడు. నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "బిడ్డా, నా మాట ఇను. గా వినోదం కొట్టేసి భక్తి అని రాయి. కొత్త కాయిదం గూడ అక్కర్లే. ఇప్పుడే లోపలికి వోయి సంతకం చేపిస్త. నా పెండ్లామే వస్తది మీ పిన్ని పాట ఇననీకి" అన్నాడు. అని, తన కలం మూత తీసి నా ముందుకు చాచాడు.

నేను ఆ కలం తీసుకోలేదు. హాలంతా వినపడేలా, అబద్ధం రాయమని ప్రభుత్వ ఉద్యోగే సలహా ఇస్తున్నారు కదా, అయితే అదే సలహా కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి అన్నాను. వరుసలో నిలబడ్డవాళ్లు గొల్లున నవ్వారు. వెనక నుంచి ఎవరో, "శభాష్ అక్కా, గట్ల అడగాలె" అని చప్పట్లు కూడా కొట్టారు. గుమాస్తా చేయి వెనక్కి తీసుకున్నాడు. కలానికి మూత పెట్టాడు. "మంచిది మేడం. ఇగ రూలు ప్రకారమే పోదాం" అన్నాడు. బిడ్డా అన్నవాడు మేడం అన్నాడు, నేను గెలిచాననుకున్నాను. బాబాయి వైపు తిరిగి చూస్తే, అతను ఆ కలాన్నే చూస్తున్నాడు.

మర్నాడు నాకు చెప్పకుండా బాబాయి ఒక్కడే మళ్లీ వెళ్లాడట. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. భక్తి అని తనే రాసిస్తానని బతిమాలాడట. "నిన్న మీ అమ్మాయి అందరి ముందట నన్ను రాసియ్యమన్నది గద మాస్టారూ. సినిమా పాటలే అని ఆమె నోటితోనే చెప్పిందని ఫైల్ల రాసి పైకి పంపిన. ఇప్పుడు భక్తి అంటే నా నౌకరీ వోతది" అన్నాడట గుమాస్తా. అతను మా మీద కసి తీర్చుకున్నాడో, నిజంగానే భయపడ్డాడో నాకు తెలియదు. రెండిటినీ నేనే అతని చేతికి అందించాను.

శనివారం సాయంత్రం లారీ వచ్చింది, ఏదో ఒక దారి దొరుకుతుందన్న ఆశతో దాన్ని వద్దని ఎవరూ చెప్పలేదు. కుర్చీలు వేసేలోగా ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు, ఎప్పుడూ వచ్చి టీ తాగేవాళ్లే. వాళ్లు మా మొహాల్లోకి చూడలేకపోయారు. "పైనుంచి ఫోనొచ్చింది మాస్టారూ. మైకు ముట్టొద్దన్నరు. మేమేం చేస్తం" అన్నాడు పెద్దవాడు. అప్పటికే పిన్ని పట్టుచీర కట్టుకుని, మెడ మీది గడ్డ కనపడకుండా కొంగు చుట్టుకుని వచ్చి నిలబడి ఉంది. తివాచీ చుట్టి లారీ వెనక్కి తిప్పుతుంటే వేసినన్ని కుర్చీలు మడిచి పెట్టింది. చివరికి, "పదండి, అన్నాలు చల్లారిపోతాయి" అని తనే అందరికంటే ముందు నడిచింది.

మంగళవారం ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఏమీ కాలేదు, గొంతుకు అయింది. మాట బొంగురుపోయింది, పాట కింది స్థాయిలో నాలుగు మెట్లు నడిచి ఆగిపోయేది. ఆ తర్వాత నెల దాటాక పై కార్యాలయం నుంచి మా దరఖాస్తుకు జవాబు వచ్చింది. అందులో లారీ ఫిట్‌నెస్ ధ్రువపత్రం జతపరచలేదని ఉంది.

పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు శిక్ష అయి, రెండేళ్లకు నేనే ఒకనాడు, ఆమె కూరగాయలు తరుగుతుంటే, ఆ రోజు అబద్ధం రాయలేకపోయాను పిన్నీ అన్నాను. ఆమె కత్తిపీట మీది నుంచి చూపు ఎత్తకుండానే, "దేవుడి పాటలు రెండు నేను ఎలాగూ పాడేదాన్నే కదే. మనసు పెట్టే పాడేదాన్ని. అందులో అబద్ధం ఎక్కడుంది?" అంది. వక్తృత్వ కప్పులు గెలిచినదాన్ని, ఆమె తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తాను.

ఆ రూలును నేను ఇప్పటికీ క్షమించలేదు. దేవుడి పేరు చెబితే తలుపు తీసి, మనుషులు సరదాగా పాడుకుంటామంటే గడియ పెట్టే ఏ రూలైనా సిగ్గుపడవలసిందే, దాన్ని కాపలా కాస్తూ పింఛను దాకా సాగినవాళ్లూ సిగ్గుపడవలసిందే. ఇప్పుడు దరఖాస్తు ఫోనులోనే పెట్టుకోవచ్చంటున్నారు. సంగీత కంపెనీలకు న్యాయవాదులున్నారు, వాళ్ల కాగితాలు వాటంతట అవే నడుస్తాయి. కర్మాగారం కార్మికుల ఆర్కెస్ట్రాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, మా కాలనీ మైదానంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి, తబలా మనిషి కొడుకు దగ్గరికి మియాపూర్ వెళ్లిపోయాడు. తప్పో ఒప్పో, ఒక్క మాట మార్చు బిడ్డా అని చెప్పే మనిషి కూడా ఆ ఫోను తెర వెనక లేడు. అప్పుడు ఆ మనిషిని నేను అసహ్యించుకున్నాను, ఇప్పుడూ ఇష్టపడను, అయినా అతని భార్య పాట వినడానికి వస్తుందన్న సంగతి మాత్రం మరిచిపోలేకపోతున్నాను.

పిన్ని ఇప్పుడు పాడదు. బాబాయి కీబోర్డు మీద పాత పాట ఏదైనా వాయిస్తే పక్కన కూర్చుని వింటుంది. చరణం పైకి ఎక్కే చోటు రాగానే ఆమె కుడిచేయి, తనకు తెలియకుండానే, ఒళ్లో నుంచి లేచి గాలిలో అంత ఎత్తున నిలుస్తుంది. మా పిల్లలు అది చూసి నవ్వుతారు. ఆ చేయి నిలిచిన చోటికి ఒకప్పుడు ఒక గొంతు వెళ్లేదని తెలిసినవాళ్లం ఇంట్లో ఇక నలుగురమే మిగిలాం.