టీచరమ్మ నరాల జబ్బు

2023 వానాకాలం. నంద్యాలలో నాకు చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఇళ్ల వైరింగ్‌లో అప్పటికే ఇరవై రెండేళ్ల అనుభవం, చేతిలో లైసెన్సు. ఒక శనివారం ఆళ్లగడ్డ నుంచి ప్రేమలత అనే టీచరమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, మా వాషింగ్ మిషను ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటాంది. ఇంట్లో ఎవురూ నమ్మడం లేదు. వచ్చి ఒకసారి చూడు."

వెళ్లాను. మిషన్ పెరట్లో రేకుల కింద ఉంది. ఆమె భర్త దయాకర్ నన్ను చూసి నవ్వాడు. "ఆమెకు నరాల వీక్‌నెస్సన్నా. డాక్టర్‌కు చూపిచ్చి మూన్నెల్లుగా మాత్రలు వాడిస్తాండాం. చూడు, నేను పట్టుకుంటే ఏం కాలేదే!" అని మిషన్ మీద అరచెయ్యి పెట్టాడు.

అతని కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. చేతులు పొడిగా ఉన్నాయి. బట్టలుతికే మనిషేమో తడి గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడుతుంది.

వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ తీశాను. ఒక మొన మిషన్ బాడీకి, ఇంకోటి తడి గచ్చుకు ఆనించాను. నూట ఎనభై వోల్టులు! నాకు ఒళ్లు మండిపోయింది.

"జబ్బు ఆమెకు కాదప్పా, నీ ఇంటికి! ఇంకో గట్టి వాన పడింటే ఈడనే పడిపోయేది" అని అరిచాను. అతని నవ్వు ఆగిపోయింది.

మెయిన్ ఆపి ప్లగ్ సాకెట్ విప్పాను. మూడు రంధ్రాల్లో పెద్దది ఎర్తింగ్‌ది. మిషన్ బాడీకి కరెంటు దిగితే, మనిషి ఒంట్లోంచి కాకుండా నేరుగా నేలలోకి పోయే దారి అది. ఆ రంధ్రం వెనక వైరే లేదు. ఇంటి పక్కన ఎర్త్ గుంతకు మాత్రం పచ్చరంగు వేసిన సిమెంటు మూత ఉంది. లేపితే లోపల మూరెడు పైపు ముక్క, ఏ తీగా తగిలించకుండా మట్టిలో గుచ్చి ఉంది. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ సంగతి సరేసరి, అదీ లేదు.

"ఈ దొంగపని ఎవుడు చేసినాడు? ఎవుడు చూసి సరే అన్నాడు?"

దయాకర్ లోపలికి వెళ్లి ఫైలు తెచ్చాడు. "మాకేం తెలుసన్నా. అంతా బాగుందని లైసెన్సున్న ఆయప్ప రాసిచ్చిన కాగితం ఉంది. అది పెడ్తేనే మీటరిచ్చినారు."

కాగితం తీసి చూశాను. కింద ఉన్న సంతకం నాదే.

నాలుగేళ్ల కిందట చాగలమర్రి కాంట్రాక్టర్ ఒకడు నా షాపుకొచ్చి ఐదిళ్ల వైరింగ్ కాగితాలు కౌంటర్ మీద పెట్టాడు. "అన్నీ బాగుండాయిలేన్నా" అన్నాడు. ఒక్క ఇల్లూ చూడలేదు. ఎవరికో బల్బు వెలిగించి చూపిస్తూనే ఐదింటి మీదా సంతకం గీకేశాను.

ఫైలు మూసి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ అప్పటిదాకా అరిచిన నోరు నాదే. "టీచరమ్మా, ఇది నా సంతకమే. ఇల్లు చూడకుండా పెట్టినా" అన్నాను.

ఆమె నన్ను అలాగే చూసింది. "మూన్నెల్లు మాత్రలు మింగినా. నాకే ఏమో అయిందని ప్రార్థనలో ఏడ్చినా. ఆ సంతకం పెట్టేటప్పుడు నీ చెయ్యి జుమ్మనలేదా అన్నా?"

బాగుచేసేదాకా ముట్టుకోవద్దని చెప్పి, మిషన్ ప్లగ్ పీకి పక్కన పెట్టాను.

సోమవారం మనుషులతో వెళ్లి లోతుగా గుంత తవ్వించి, పూర్తి పొడవు పైపు దించి, ప్రతి సాకెట్‌కూ ఎర్త్ వైరు లాగాను. ఆర్‌సీసీబీ పెట్టాను. మిషన్ లోపల కుళ్లిన వైరు మార్చాను. ఆమె తడి చేత్తో ముట్టుకుని, "ఇప్పుడు లేదు" అంది. నా వైపు చూడలేదు.

మిగతా నాలుగిళ్లకూ వెళ్లాను. రెండింట్లో ఇదే కథ; అక్కడా ఎర్తింగ్ వేయించాను. కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తే, "ఇన్నేండ్లు ఎవురూ సావలేదు గదన్నా, ఇప్పుడేంది?" అన్నాడు.

ఇప్పుడు ప్రతి ఇంట్లో మూత లేపి, మల్టీమీటర్ పెట్టి చూసి, ఇంట్లో తడి పని చేసేవాళ్లతో మాట్లాడాకే కాగితం ముట్టుకుంటున్నాను. చూడకుండా పెట్టిన సంతకం మనిషిని చంపగలదని తెలుసుకోవడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది. కాంట్రాక్టర్ మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. నా మీద అసలే తగ్గలేదు. తగ్గకూడదు కూడా.