మూడో చరణంలో గొణుగుడు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒక్కటీ ఉండేది కాదు. ఇరవై మూడేళ్లకే గుమాస్తా కొలువు దొరికిన ఎవరికైనా అంతేననుకుంటాను. మా ఆఫీసులో ఒక పెద్దసారు బదిలీ మీద పోతూ తన స్పీకర్ల జతను, దానికున్న ఆంప్లిఫయరును నాకు అమ్మారు. వాటిని జహనుమా బస్తీలోని మా ఇంటికి ఆటోలో, బాలింతను ఆసుపత్రి నుంచి తెచ్చినంత నెమ్మదిగా తెచ్చాను. ఫోన్‌లో పాట పెట్టి వాటిలో వినిపించగానే రేకుల కప్పు మీద వాన పడ్డట్టుంది. స్పీకర్లు చెడిపోయాయని తేల్చేసి (తేల్చడంలో నాకు ఆలస్యం ఉండేది కాదు) గల్లీ చివర రేడియోలు బాగుచేసే ఉస్తాద్ భాయ్‌ని పిలుచుకొచ్చాను. ఆయన రెండు నిమిషాలు విని నవ్వాడు.

"స్పీకర్ల ఖరాబేం లేదు భాయ్. ఇవి అద్దం లెక్క. మొకం ఎట్లుంటే గట్లనే చూపిస్తయ్. నువ్వు అరిగిపోయిన పాటలు పెట్టి అద్దాన్ని తిడితే ఎట్ల?" అని, తన దుకాణంలోంచి మూడు వస్తువులు ఇచ్చాడు. పాట తేటగా వినిపించేందుకు ఫోన్‌కు తగిలించే అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి, పాటలు నింపిన పాత కంప్యూటరు ఒకటి, ఇటుకలంత బరువున్న సీడీ ప్లేయరు ఒకటి. "నీ చెవికి ఏది మంచిగనిపిస్తే గది ఉంచుకో. ఫికర్ జెయ్యకు."

ఫికరు నాకెందుకు? రెండు వారాలు పరీక్షలు చేశాను. పరీక్షకు మా బాపు భజన మండలి ఎప్పుడో రికార్డు చేయించుకున్న సీడీని ఎంచుకుని, ఆ పాటలనే ఫోన్‌లోకి, కంప్యూటరులోకి కూడా ఎక్కించాను. ఆ సీడీకి ఇంట్లో ఒక చరిత్ర ఉంది. మూడో చరణంలో ఎవరో గొణిగినట్టు వినిపిస్తుంది. అది హార్మోనియం వాయించే మా మేనమామ, పెట్టె మామ పనేనని బాపు అందరి ముందు అనేశాడు. మామ ఆ రోజే పెట్టె మూసి కిషన్‌బాగ్‌లోని తన ఇంటికి వెళ్లిపోయాడు. ఏడేళ్లుగా మళ్లీ భజనకు రాలేదు, మా గడప తొక్కలేదు. నాకు ఆ గొడవతో పని లేదు. తాళాల చప్పుడు ఏ మిషనులో సన్నగా వస్తుంది, తబలా ఎందులో గట్టిగా పలుకుతుంది, అదే నా లోకం. చివరికి సీడీ ప్లేయరే గెలిచింది. ఇంత గొప్ప నిర్ణయానికి సాక్షులుండాలని, సంగీతం తెలిసిన చెవి కావాలని, ఆదివారం నేనే వెళ్లి పెట్టె మామను బతిమాలి తెచ్చాను. బాపు ఆయన వైపు చూడకుండా కుర్చీలో కూర్చున్నాడు.

మొదటి చరణం అద్భుతం. రెండోదీ అంతే. మూడో చరణం మధ్యలో, ఎడమ మూలన మనిషి కూర్చుని చెప్పినంత స్పష్టంగా వినిపించింది: "బావా, జల్ది కానియ్యరాదు. బయట మిర్చిబజ్జీలు సల్లగైతున్నయ్!"

అది బాపు గొంతు. అందరం ఎడమ స్పీకరు వైపు చూసి, తరువాత బాపు వైపు చూశాం. (రెండు వారాలు పరీక్షించినవాడివి, నీకెలా తెలియలేదని మీరడగవచ్చు. ఏ పాటనూ ఒక్క నిమిషానికి మించి విన్న పాపాన పోలేదు.)

"అల్లుడా, ఇంకోసారి పెట్టు బిడ్డా," అన్నాడు మామ మెల్లగా.

"మిషిన్ ఖరాబున్నది. నా గొంతు గిట్లుంటదా?" అన్నాడు బాపు.

"గిట్లనే ఉంటది," అంది అమ్మ వంటింటి గడపలోంచి.

అక్కడ నేను నోరు మూసుకోవలసింది. కానీ మిషనును అన్నాక నిపుణుడు ఊరుకుంటాడా? "మిషిన్ తప్పు కాదు బాపూ, సూడు," అని అగ్గిపెట్టె డబ్బా తగిలించి అదే చరణం వినిపించాను. ఉత్త గొణుగుడు. మళ్లీ సీడీ ప్లేయరు పెట్టాను. మిర్చిబజ్జీలు. "తేడా తెలుస్తున్నదా?" అని గర్వంగా అడిగాను. అప్పటికి గాని బాపు ముఖం నా కంటబడలేదు. చెమట పట్టి, చిన్నపిల్లవాడిలా నేల చూస్తున్నాడు.

మామ లేచాడు. వెళ్లిపోతున్నాడనుకున్నాను. బాపు కూడా అనుకున్నట్టున్నాడు, గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"నేనే బావా. నీ పేరు జెప్పినంక ఆ దినమే ఎరుకైంది. అందరు నీ దిక్కు సూస్తుంటే చుప్‌గ ఊకున్న. తర్వాత చెప్పనీకె మొకం చెల్లలే."

"ఏడేండ్లు బావా. నా పెట్టె మంచం కిందనే పడున్నది."

"తప్పైంది."

మామ నా వైపు తిరిగి, "అల్లుడా, బండి తీయి. పెట్టె తెచ్చుకుందాం," అన్నాడు.

సాయంత్రం మా ముందుగదిలో ఇద్దరూ పాడారు. పెట్టెలో రెండు మెట్లు పలకలేదు, బాపుకు పైస్థాయి అందలేదు. నేను మాత్రం తీగలు సర్దుతూ, "మామా, జర ఒక్క నిమిషం ఆపుతరా, నేను ఎడమ స్పీకరు జరుపుకుంట," అన్నాను. కళ్లు మూసుకుని పాడుతున్న ఆ ఇద్దరూ వినిపించుకోలేదు. మంచి పనే చేశారు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా, చేతిలో తీగ పట్టుకుని నిలబడిన ఆ పిల్లవాణ్ని తలచుకుని ఒక్కణ్నే నవ్వుకుంటాను. పక్కన కూర్చుని వినరా నాయనా, అని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.