మూసిన తలుపుకు లోపలివైపు

బ్రెస్ట్ రేవులో గుల్వెన్ కెర్వెల్లా పేరెత్తితే, "నీళ్లు నిండిన గదిలోంచి బతికొచ్చాడే, అతనేగా?" అంటారు. ఇనుప కవచపు యుద్ధనౌకలో బాయిలర్లకు బొగ్గు వేయడం అతని పని. భార్య సోయిజిక్ వద్దు వద్దంటున్నా, ఆమె తమ్ముడు తాంగీని తనే వెంటబెట్టుకెళ్లి ఆ పనిలో చేర్పించాడు.

ఆ వసంతంలో నౌకాదళ విన్యాసాలప్పుడు, పొగమంచులో పక్కనౌక దారితప్పి వచ్చి వీళ్ల నౌకను ముక్కుతో పొడిచింది. జానెడు మందం కవచానికి ఏమీ కాలేదు. దానికి దిగువన, నీళ్లలో మునిగి ఉండే పల్చటి రేకు చిరిగిపోయింది. ఆ కుదుపుకు బాయిలర్ గదిలో బొగ్గుగుట్ట జారి, కిందపడ్డ తాంగీ నడుం దాకా కూరుకుపోయాడు.

నీళ్లు బుసకొడుతూ వచ్చాయి. మిగతావాళ్లు బయటపడ్డారు.

"రండ్రా! తలుపు మూసేస్తున్నా!" మేస్త్రీ ప్రిజాన్ అరిచాడు.

"కాస్త ఆగన్నా! వాడి నడుం తేలింది!" గుల్వెన్ బొగ్గు తవ్వుతూనే అన్నాడు.

"ఆగితే నౌకంతా మునుగుతుంది! వస్తావా, రావా?"

"బావా, వదిలేసి పోకు," అన్నాడు తాంగీ.

గుల్వెన్ కదల్లేదు. ఇనుప తలుపు మూసుకుంది. చేతులతో తవ్వినకొద్దీ బొగ్గు జారుతూనే ఉంది. నౌక మునగకుండా కెప్టెన్ దాన్ని ఇసుకమేట మీదికి ఎక్కించాక, నీళ్లు గుల్వెన్ చంకల దగ్గర ఆగాయి. అప్పటికే అవి తాంగీ తల దాటాయి. నీళ్లు తోడేసి తలుపు తెరిచినప్పుడు గుల్వెన్ ఇంకా అతని భుజాలు పట్టుకునే ఉన్నాడు. వేళ్లు విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.

అంత్యక్రియలయ్యాక ప్రిజాన్ గుల్వెన్ ఇంటికి వచ్చాడు. సోయిజిక్ అతని మొహం చూడలేదు.

"మళ్లీ అలాంటిదే జరిగితే మళ్లీ మూస్తాను. నీతో అబద్ధం చెప్పలేను," అన్నాడు, టోపీ నలుపుతూ.

"నేనైనా మూసేవాణ్ణే," అన్నాడు గుల్వెన్. "కానీ వాడు నీ గొంతు విన్నాడన్నా. 'ప్రిజానన్న మంచోడు బావా, మన కోసం ఆగుతాడు' అన్నాడు. చివరిదాకా అదే మాట."

ప్రిజాన్ టోపీని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సోయిజిక్ అప్పుడు ఏడ్చింది, తమ్ముడు పోయాక మొదటిసారి.

ఎండలు ముదిరేలోగా నౌకకు అతుకులేసి మళ్లీ నీళ్లలోకి దించారు. గుల్వెన్‌ను పాత పనిలోకే పిలిచారు. ఇంట్లో పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. సోయిజిక్ గుడ్డసంచీలో రొట్టె పెట్టి ఇచ్చింది, వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. అతను ఇనుపమెట్లు దిగి, ఆ గదిలోకే వెళ్లి, పార అందుకున్నాడు.