సోములు పేరు ముందు

సోంపేట బస్టాండు ఎదుట నాదో డీటీపీ షాపు. పెళ్లికార్డులు, పెద్దకర్మ కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు నా బతుకుతెరువు. కార్డు టైపు చేయించుకోవడానికి ఎవరొచ్చినా, పెద్దల పేర్ల దగ్గరికి వచ్చేసరికి నేను అడిగి తీరాల్సిన మాట ఒకటుంది. "వీళ్లలో పోయినవాళ్లెవరు?" పోయినవారి పేరు ముందు కీ.శే. పెట్టకపోతే పెళ్లిలో సణుగుడు. ఉన్నవారి పేరు ముందు పడిందా, నా షాపు మీదికి దండయాత్రే. ఏళ్ల తరబడి ఇదే పని కావడంతో ఆ ప్రశ్న నా నోటికి తనంతట తానే వచ్చేస్తుంది. ఢిల్లీరావు దగ్గరా అలాగే వచ్చింది.

బడే ఢిల్లీరావుది డొంకూరు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, వల వదిలి, సరుకుల ఓడల్లో చేరాడు. డెక్కు కడిగే పనితో మొదలుపెట్టి చివరికి బోసన్ అయ్యాడు. అంటే డెక్కు మీద పనివాళ్లందరికీ మేస్త్రీ అన్నమాట. మోకాళ్లు అరిగి, ఒక చెవి సరిగా వినబడక, చివరికి ఊరు చేరాడు. మా ఉద్దానం కుర్రాళ్లు ఓడ ఉద్యోగమంటే ఎగబడతారు కదా, రోజుకొకడు వచ్చి "ఓడలో ఎలాగుంటాది మావా?" అని ప్రాణం తీసేవాడట. చెప్పిందే చెప్పలేక రాయడం మొదలుపెట్టాడు.

మొదటిసారి ఆయన కాగితాలు చూసి నాకు ఒళ్లు మండింది. పేజీకి నాలుగైదు వాక్యాలే. ఓడ ముక్కు మీద కుంచెతో పేర్లు దిద్దిన చెయ్యి. ఒక్కో అక్షరం కోడిగుడ్డంత ఉంది.

"బాబాయ్, ఇది పుస్తకమా, ప్రహరీగోడా?" అన్నాను.

"దూరం నుంచి కూడా అవుపడాలి కదమ్మా," అని నవ్వాడు.

టైపు చేస్తూ చదివేసరికి నా నోరు మూతపడింది. సొంతంగా పుస్తకాలు వేయించుకునేవాళ్లను చాలామందినే చూశాను. ముందు వాళ్ల ఫొటో, వెనక పెద్దమనుషుల ఆశీస్సులు, మధ్యలో చదవడానికేమీ ఉండదు. ఈయన రాతలో తను ఎక్కడా కనిపించడు. తుప్పు కనిపిస్తుంది. గీకి రంగు వేసిన చోటే మళ్లీ పట్టే తుప్పు. ఖాళీ ట్యాంకులోకి దిగేముందు లోపల పీల్చుకునే గాలి ఉందో లేదో చూసుకోవడం, తాడు తెగబోయే ముందు వచ్చే కీచు చప్పుడు, ఆ చప్పుడు వినగానే ఉన్నచోటనే బోర్లా పడుకోవడం. అంతా అయ్యాక ఇంటికి ఫోను చేసి "ఏసీ గదిలో ఉన్నాను, నాకేటి" అని అందరూ చెప్పే అదే అబద్ధం. డొంకూరులో వలలు బాగుచేసుకునే షెడ్డులో చదివి వినిపిస్తే, "ఇన్నేళ్లు సముద్రం మీద తిరిగినావు, సేప పట్టినట్టు ఒక్క మాట లేదేటిరా?" అని ముసలివాళ్లు ఆటపట్టించారట.

ఆ పేజీల్లో సోములు అనే మనిషి ఉన్నాడు. ఢిల్లీరావుకు పిన్ని కొడుకు. ఓడలో ఎండుచేపలు వేయించి, రకరకాల దేశాలవాళ్లతో తిట్లు తిని, వాళ్లకే రెండో రోజు రుచి మప్పినవాడు. కుర్చీ ఇస్తే కూర్చోకుండా తాడుచుట్ట మీద కూర్చునేవాడు. టైపు చేస్తూ చేస్తూ నాకతనంటే ఇష్టం పుట్టింది. ఉన్నట్టుండి ఒక అధ్యాయం నుంచి అతను లేడు. ఏమయ్యాడో రాసి లేదు.

చివరికి అంకితం కాగితం తెచ్చాడు. "మా తమ్ముడు సోములుకి" అని ఉంది. నేను తలెత్తకుండానే, "కీ.శే. పెట్టాలా బాబాయ్?" అన్నాను.

ఆయన కాగితం వెనక్కి తీసుకున్నాడు. దాన్ని మడతపెడుతూ చెప్పాడు.

పదకొండేళ్ల కిందట, నడి సముద్రంలో ఒక పొద్దున సోములు టిఫిన్‌కు రాలేదు. ఓడంతా గాలించారు. లేడు. ముందురోజు రాత్రంతా అలలు డెక్కు మీదికి వచ్చాయి. అతను పడిపోవడం ఎవరూ చూడలేదు. కంపెనీ వాళ్లు ఇంటికి పంపిన కబురులో కనిపించడం లేదన్న మాటే ఉంది. సోములు భార్య చిన్నతల్లి ఆ మాటే పట్టుకుని కూర్చుంది. కొన్నేళ్లు చూసి, దర్భబొమ్మ చేసి కర్మ జరిపిద్దామన్నారు ఊరి పెద్దలు. ఆమె ఒప్పుకోలేదు. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు.

"నాను అది రాత్తే ఆ గుంట బొట్టు నా సేత్తో తుడిసినట్టే కదమ్మా," అన్నాడు ఢిల్లీరావు.

"ఏం జరిగిందని ఆమె అడగనే లేదా?"

"అడగనేదు. నాను సెప్పనేదు. ఒకే ఈదిలో ఉంటాం."

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు. "కీ.శే. లేకుండా అచ్చేస్తే ఆమెకు లేనిపోని ఆశ. పెడితే మీరన్నట్టు. నా షాపులో తేలే సంగతి కాదు బాబాయ్, ఆమెనే అడగండి," అన్నాను. ఆయన కాగితం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఎన్నాళ్లకీ రాకపోయేసరికి పుస్తకం అటకెక్కిందనే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆయనతో పాటు ఒకామె ఆటో దిగింది. నుదుట రూపాయి కాసంత బొట్టు. చూడగానే ఎవరో తెలిసిపోయింది. ఆయన చేతిలో కొత్త కాగితాలున్నాయి.

"ఇంటికాడ మా అత్త ఉంది. ఆవిడ ఇనగా వొద్దు, మరెక్కడైనా సదువు అన్నాను," అంది చిన్నతల్లి నాతో. "నువ్వెలాగూ టైపు సేత్తావు. నువ్వూ ఇను."

సోములు కనబడని ఆ పొద్దుటి సంగతి ఆయన చదివాడు. అంతంత అక్షరాలు కూడా కానరానట్టు మాటిమాటికీ ఆగాడు. ఓడను వెనక్కి తిప్పారు. కెప్టెన్ ఏ దేశంవాడో, మైకు తెచ్చి ఈయన చేతికిచ్చి, నీ భాషలో నువ్వే పిలువు అన్నాడట. "సోములూ, ఒరే సోములూ, నానురా" అని పిలుస్తూనే ఉన్నాడు.

చిన్నతల్లి చెయ్యెత్తి ఆపింది.

"ఇంజను ఆపినారా బావా?"

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. వాళ్ల ఊళ్లో పడవ తప్పిపోతే మిగతా పడవలు వెతకడానికి వెళ్తాయి. కొంత దూరం పోయి ఇంజను ఆపుతారు, పేరు పెట్టి పిలుస్తారు, ఊపిరి బిగబట్టి వింటారు. ఇంజను మోగుతుంటే నీళ్లలో మనిషి కేక వినబడదు. ఆపకుండా ఎంత తిరిగినా వాళ్ల లెక్కలో అది వెతికినట్టు కాదు.

"ఒక్క మడిసి కోసరం అంత పెద్ద ఓడ ఆగుతాదా అనుకున్నాను. ఆపనేదు, ఎతకనేదు, ఒదిలీసి ఎల్లిపోనారు అనుకున్నాను. ఎతకనప్పుడు పోనాడని ఎలాగంటారు? ఏ ఒడ్డునో పడుంటాడనుకున్నాను." ఆమె ఆయన వైపు తిరిగింది. "నిన్నెలాగ అడుగుతాను బావా? ఆపనేదని నువ్వంటే, నీ మొకం మళ్లీ సూడగలనా?"

"ఆపినాం," అన్నాడు ఢిల్లీరావు. "ఆపినాం, పిలిసినాం, ఇన్నాం. ఆ రోజు పొద్దుగూకీదాకా. మర్నాడూ పొద్దుగూకీదాకా. మన పడవలోళ్లు సేసినట్టే సేసినాం. నీళ్ల సప్పుడు తప్ప మరేటీ ఇనబడనేదు సిన్నతల్లీ."

ఆమె ఏడవలేదు. నేనే ఆపుకోలేకపోయాను. ఫ్లెక్సీ కోసం వచ్చినవాళ్లను తర్వాత రమ్మని పంపేశాను. ఢిల్లీరావు మిగిలిన నాలుగు ముక్కలూ చదివి కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"అయితే పెట్టమ్మా," అంది చిన్నతల్లి.

"ఏమిటి పెట్టేది?"

"పోయినోళ్ల పేరుకి ముందు ఏదో పెడతారంట కదా. బావ సెప్పినాడు. అది."

చూడకుండా కొట్టే అక్షరాలను ఆ రోజు కీబోర్డు మీద వెతుక్కోవాల్సి వచ్చింది. అంకితం పేజీ ఒక కాపీ తీసి ఆమె చేతికిచ్చాను. ఆమెకు చదువు రాదు.

"ఎక్కడుందో సూపించు," అంది.

సోములు పేరు ముందు వేలు పెట్టాను. నా వేలి కింద అది కనబడకుండా పోయింది. వేలు తీశాను. ఆమె కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"ఇంత సిన్నదా అమ్మా?" అంది.