బార్లీ నీళ్లు

మా జువాలజీ సారు పోయినాడని పొద్దున్నే ప్రొద్దుటూరు నుంచి ఫోనొచ్చింది. మూత్రాశయం క్యాన్సర్. పులివెందులలో క్లాసు చెప్పను తయారవుతాండా. చాక్‌పీసు జేబులోనే ఉండంగా బస్సెక్కినా.

జమ్మలమడుగు కాలేజీలో జన్యువుల పాఠమొస్తే ఫ్యానూ లైటూ మా చేతనే వేయించి, ఆర్పించేవాడు. "ఒంట్లో ప్రతి కణానికీ అన్ని స్విచ్చులూ ఉంటాయప్పా. యాడ ఏది వేయాల, ఏది ఆర్పాల, అదే బతుకు." ఫ్యాను ఆర్పకుండా పోతే మెట్లు దిగినోణ్ని గూడా వెనక్కి పిలిపించేవాడు. శానా కోపిష్టి.

అట్లాంటాయనకు పోయిన ఎండాకాలం మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు. మన ఎండలకు మనమంతా ఏమనుకుంటామో ఆయనా అదే అనుకున్యాడు, వేడి చేసిందని! సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. ఆమె రోజూ బార్లీ కాచి చెంబు నిండా ఇచ్చింది. తేటగా వచ్చింది. కాచడం ఆపింది. మళ్లా ఎరుపు, మళ్లా బార్లీ. డాక్టరు దగ్గరికి పోయేసరికి చేయి దాటిపోయింది.

ఆసుపత్రికి చూడను పోతే మంచం మీది నుంచే పాఠం చెప్పినాడు.

"ఈ జబ్బులో శానామందికి గడ్డను ఆపే జన్యువు ఉండనే ఉంటాదప్పా. చెడిపోయిండదు గూడా. దాని మీద మూత పడింటాది, పలకదు. పెరగమనే స్విచ్చు మాత్రం ఆరకుండా వెలుగుతాంటాది." గోడ మీది స్విచ్చుల దిక్కు చేయి చూపినాడు. "నా చదువూ అంతే. ఉండి పలకలేదు."

"మూత తీసే మందు లేదా సార్?"

"వెతుకుతాండారు. నాకందదులే. ఒకటి మాత్రం ఇను. ఆ ఎరుపే ఈ జబ్బని మీ అమ్మకు చెప్పొద్దు. కాచిన ప్రతి చెంబూ గుర్తుకొస్తాది ఆమెకు."

అందుకే చదివేవాళ్లకు చెప్తాండా. ఒక్కసారి ఎర్రగా వచ్చి దానంతటదే తేటబడినా, నొప్పి లేకున్నా, డాక్టరు దగ్గరికి పోండి. అమ్మకు చదవను రాదు. మీలో ఎవరైనా ప్రొద్దుటూరులో సారు వీధివాళ్లుంటే దయచేసి ఇది ఆమెకు చదివి వినిపించొద్దు.

సారు దినాల నాడు మళ్లా పోయినా. ఎండ మండిపోతాంది. అమ్మ చెంబు తెచ్చి చేతిలో పెట్టింది.

"తాగు నాయనా, వేడి చేస్తాది. మీ సారుకు దీంతోనే తేటగా వచ్చేది. నేనే, పాపిష్టిదాన్ని, మధ్యలో కాచడం ఆపితిని. ఆపకుండా ఉంటే బతికేటోడు."

ఆ ఎరుపే జబ్బన్న మాట నోటిదాకా వచ్చింది. చెంబెత్తి తాగేసినా.

"ఇంకొంచెం పోయనా?"

"పోయమ్మా" అన్నా.