సారు సగం చెప్పిన కప్ప మందు

“సారు పోయిండు. జల్దీ రా,” అన్నాడు ఫోన్లో అన్నయ్య. ఏ సారు అని నేను అడగలేదు. మాకు చదువు చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, మా ఇంట్లో సారు అంటే ఒక్కరే. పటాన్‌చెరు జూనియర్ కాలేజీలో నాకు జువాలజీ చెప్పినాయన. ఫోన్ పెట్టేసి పొయ్యి ఆర్పాను, మళ్ళీ వెలిగించాను, ఎందుకో నాకే తెలియదు. దహనమై వారం దాటినా ఇంకా ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. రాస్తేనన్నా కాస్త నిలకడ వస్తుందేమోనని ఇది మొదలుపెట్టాను.

నిజానికి నిలకడ లేని మనిషి సారే. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పగా మేమెవరమూ చూడలేదు. బల్లల మధ్య తిరిగేవారు, కిటికీ దాకా పోయి వచ్చేవారు, సుద్దముక్కను వేళ్ళ మధ్య నలిపి పొడి చేసేవారు. “కాలాగితే నా నోరాగుతది బిడ్డా,” అనేవారు. మెదక్ వైపు మాట ఆయనది. ఎవరి కోసమూ మార్చుకోలేదు.

తొంభైల మొదట్లో ఒకనాడు కప్పల పాఠం నడుస్తోంది. సారు పుస్తకం మూసేసి అమెజాన్ అడవుల్లోకి వెళ్ళిపోయారు. అక్కడ ఒక పచ్చని చెట్టుకప్ప ఉందట. అడవి మనుషులు దాన్ని చంపరట. కాళ్ళు తాళ్ళతో కట్టి, చర్మం మీద ఊరే పాలను పుల్లతో గీకి, ఎండబెట్టి, కప్పను మళ్ళీ చెట్టు మీదికే వదిలేస్తారట. వేటకు పోయే ముందు కడుపు నిండా నీళ్ళు తాగి, చేతి మీద పుల్లతో చుక్కలుగా కాల్చుకుని, అక్కడ ఆ మందు అద్దుకుంటారట. గుండె దడదడలాడి, మొహం ఉబ్బి, వాంతులవుతాయట. అది దిగాక ఒళ్ళు తేలికవుతుందనీ, బద్ధకమూ దరిద్రమూ పోయి వేట దొరుకుతుందనీ వాళ్ళ నమ్మకం.

“మా అవ్వ గూడ గిట్లనే చేస్తది సారూ. పసిరికలు అయితే చేతికి వాత పెట్టి పసరు రాస్తది,” అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. పచ్చకామెర్లను మా దగ్గర పసిరికలంటారు. క్లాసంతా నవ్వింది, సారూ నవ్వారు. “అయితే ఇందుల ఇంకో సంగతున్నది,” అంటుండగా గంట కొట్టారు. “రేపు చెప్త,” అని సారు వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం పటేల్‌గూడలో మా ఇంట్లో ఈ కథ పొల్లుపోకుండా చెప్పాను. అన్నయ్య అప్పుడు ఒక మందుల ఫ్యాక్టరీలో చేసేవాడు. డ్యూటీ నుంచి వస్తే సబ్బుతో రుద్దినా చెమటలో ఆ మందుల వాసన పోయేది కాదు. నాలుగు ముద్దలు తినేసరికి వికారం. రెండు మెట్లెక్కితే ఆయాసం. ఇరవై మూడేళ్ళ వాడు ముసలాడిలా గోడ పట్టుకుని నడిచేవాడు. ఎవరి దిష్టో అని అమ్మ ఉప్పు మిరపకాయలు తిప్పేసేది. “ఒళ్ళు తేలికైతదని సారే చెప్పిండా?” అని అన్నయ్య రెండుసార్లు అడిగాడు. చిన్నప్పుడు పసిరికలకు పెట్టిన వాత వాడి మణికట్టు మీద ఉంది. కాల్చి మందు పెట్టడం వాడికి వింతేమీ కాదు.

మర్నాడు క్లాసులో, నవ్వుతారనుకుని, “మా అన్న గోండ్రుకప్పను పట్టుకొచ్చి గంప కింద పెట్టిండు సారూ,” అన్నాను. సారు నవ్వలేదు. “ఇప్పుడు ఇంట్ల ఉన్నడా?” అన్నారు. నైట్ డ్యూటీ దిగి ఇంట్లోనే ఉన్నాడన్నాను. “నడువ్,” అన్నారు. పాఠం అక్కడే వదిలేసి నన్ను స్కూటర్ ఎక్కించుకున్నారు. ఆడపిల్లను బండి మీద తీసుకుపోతే నలుగురూ ఏమంటారన్న ఆలోచన ఆయనకు ఆ రోజు రాలేదు. లారీల మధ్య నుంచి అంత వేగంగా పోతుంటే నాకు అప్పుడు భయం పట్టుకుంది.

పెరట్లో అన్నయ్య బండ మీద కూర్చున్నాడు. బిందె సగం ఖాళీ అయింది. ఊదుబత్తితో జబ్బ మీద చుక్కలు కాల్చుకున్నాడు, చేతిలో చీపురుపుల్ల, దాని కొసన తెల్లటి జిగురు. వాంతికి తయారుగా అమ్మ తువ్వాల పట్టుకుని నిలబడింది. సారు పరుగున పోయి వాడి చేతి మీద ఒక్కటి కొట్టారు. పుల్ల ఎగిరి దూరంగా పడింది.

“మీరే చెప్పిన్రట గద సారూ, బరువంత దిగుతదని!” అన్నాడు అన్నయ్య.

“సగమే చెప్పిన. మిగిలిన సగం చెప్పనీకే వచ్చిన.” సారుకు రొప్పుతో మాట సరిగా రావడం లేదు. “ఆ కప్ప వేరు, ఇది వేరు. దీని పాలు రక్తంల కలిస్తే గుండె ఆగుతది. ఆ కప్ప మందుతోని గూడ పాణాలు పోయినయి. గుండె జబ్బున్నోళ్ళకు మరీ కష్టం. బిందెలకు బిందెలు నీళ్ళు తాగితే రక్తంల ఉప్పు పల్చనై ఫిట్స్ వస్తయి. రోగం పోతదని ఎవ్వలూ రుజువు చెయ్యలే. అది వాళ్ళ నమ్మకం, అంతే.”

“మరి నా పానం ఎట్ల బాగైతది సారూ? గది చెప్పున్రి,” అన్నాడు అన్నయ్య. సారు చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల మీద కూర్చున్నారు.

తరువాత డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది ఆయనే. ఆ వాసనలో పని మానాలని డాక్టరన్నాడు. మానితే ఇల్లెలా గడుస్తుందని అన్నయ్యన్నాడు. ఇక ప్రతి ఆదివారమూ సారు స్కూటర్ మా గుమ్మం ముందు. “తిండి సయిస్తున్నదా?” ఎప్పుడూ అదే ప్రశ్న. అన్నయ్యకు ఒళ్ళు మండేది. “వచ్చిండు కప్పల సారు,” అని వినబడేలానే అనేవాడు. సారు వినీ విననట్టు అమ్మ ఇచ్చిన చాయ్ తాగేవారు. ఎవరెవరినో అడిగి, విసిగించి, చివరికి తన పాత శిష్యుడి మొక్కల నర్సరీలో వాడికి పని ఇప్పించారు. జీతం తక్కువని వాడు చాలా రోజులు సణిగాడు. ఒకనాడు మధ్యాహ్నం ఇంకొంచెం అన్నం పెట్టమని అడిగేసరికి అమ్మ గరిటె పట్టుకునే ఏడ్చింది.

కాలేజీలో సారు పద్ధతి మారిపోయింది. ఏ మందు గురించైనా “ముందు ముప్పు, తర్వాత ముచ్చట” అనేవారు. గంట కొట్టినా చెబుతున్నది పూర్తయ్యే దాకా తలుపుకు అడ్డం నిలబడేవారు. తర్వాతి పీరియడ్ లెక్చరర్లు తిట్టుకునేవారు. ఇప్పుడు సంగారెడ్డిలో నేనూ పిల్లలకు సైన్సు చెబుతున్నాను, నన్నూ తిట్టుకుంటారు. సారుకు నేనెంత రుణపడ్డానో ఆయన ఉండగా ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పలేదు. చెప్పబోతే ఆగి వినే మనిషీ కాదాయన.

దహనం రోజు సారు వాకిట్లో పాడె లేపేటప్పుడు ముందు భుజం అన్నయ్య పట్టాడు. మేం ఆడవాళ్ళం గల్లీ చివర ఆగిపోయాం. శ్మశానం అక్కడికి కనబడేంత దగ్గరలో, ఎత్తు మీద ఉంది, దారంతా రాళ్ళు, పైన మిట్టమధ్యాహ్నం ఎండ. వెనక వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి భుజం మార్చుకుంటామంటున్నారు, అన్నయ్య తల అడ్డంగా ఊపుతున్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. ఎక్కడా ఆగకుండా, రొప్పకుండా, సారును మోస్తూ ఆ ఎత్తు ఎక్కిపోయాడు.